బియ్యపుగింజంత సిపాయి!

ఎత్తు ఆరు మిల్లీమీటర్లు. అందులోనే టోపీ, కోటు, తుపాకీ, వీపున సంచీ. ఇలాంటివాళ్లు కొన్ని వేలమంది చేరితే డైనింగ్ టేబుల్ మీదే వాటర్లూ యుద్ధం! మరి, ఇంత చిన్న బొమ్మల్లో ఏది మేలైనదో ఏది నాసిరకమో తేల్చేదెలా?

అరచేతిలో నాలుగు బియ్యపుగింజలు పక్కపక్కనే నిలబెట్టినట్టు ఊహించుకోండి. ఒక్కో గింజకీ ఓ తల, రెండు కాళ్లు, నెత్తిన పొడుగాటి టోపీ, భుజాన తుపాకీ ఉంటే... అదీ ఆరు మిల్లీమీటర్ల సైనికుడంటే! బ్రిటన్, అమెరికా లాంటి దేశాల్లో ఈ బుల్లి సైన్యాలతో ఆడే ‘వార్‌గేమింగ్’ ఎంతోమందికి ఇష్టమైన వ్యాపకం. నెలల తరబడి కూర్చుని బొమ్మలకు రంగులేస్తారు. దళాలుగా చిన్నచిన్న పలకల మీద అతికిస్తారు. ఆరడుగుల బల్లమీద గుట్టలూ వాగులూ ఊళ్లూ అమర్చి, పాచికలూ కొలత టేపూ పట్టుకుని ఎప్పుడో రెండొందల ఏళ్ల కిందట ముగిసిన యుద్ధాన్ని మళ్లీ మొదలుపెడతారు. ఈసారైనా నెపోలియన్ గెలుస్తాడేమో చూస్తారు.

ఈ ఆటలో సైన్యాన్ని కొనడమంటే ఒకటో రెండో బొమ్మలు కొనడం కాదు. వందల్లో, ఒక్కోసారి వేలల్లో కొనాలి. ముచ్చటపడి కొన్న ఒక్క బొమ్మ బాగా లేకపోతే బొమ్మల కొలువులో వెనక మెట్టు మీదికి జరిపేయొచ్చు. కానీ వెయ్యిమంది సైన్యంలో ప్రతివాడి మెడా పక్కకి వాలిపోయి ఉంటే? అచ్చు ఒక్కటే కాబట్టి అందులో ఉన్న తప్పు వెయ్యిసార్లూ కనపడుతుంది. డబ్బు సంగతి అలా ఉంచితే, రంగులు వేయడానికి పట్టిన ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరే. అందుకే బొమ్మ మంచీచెడూ చూడటం వాళ్లకి ఓ విద్య. ఆ విద్యలో మొదటి పాఠమే కాస్త విచిత్రంగా ఉంటుంది. అదేంటంటే... భూతద్దం పక్కన పెట్టేయాలి!

చదరంగానికి చుట్టమే

యుద్ధాన్ని బల్లమీదికి తేవడం కొత్తేమీ కాదు. రథ గజ తురగ పదాతి దళాలను గళ్లలో నిలబెట్టిన చతురంగం పుట్టింది మన దేశంలోనే. అది పర్షియా, అరబ్బు దేశాల మీదుగా ఐరోపాకు వెళ్లింది. 19వ శతాబ్దం మొదట్లో ప్రష్యాకు చెందిన రైస్‌విట్జ్ అనే తండ్రీకొడుకులు గళ్లు తీసేసి, నిజమైన మ్యాపు మీద దిమ్మెలను దళాలుగా జరుపుతూ ఆడే ‘క్రీగ్‌స్పీల్’ను రూపొందించారు. 1824లో కొడుకు తెచ్చిన నిబంధనలు ఆ దేశ సైనికాధికారుల శిక్షణలో భాగమయ్యాయి. అదే ఆటను ఇంట్లో నేలమీద సరదాగా ఆడుకునేలా మార్చి 1913లో ‘లిటిల్ వార్స్’ పేరుతో పుస్తకం రాశాడు హెచ్.జి.వెల్స్. అవును, ‘ద టైమ్ మెషీన్’ రాసిన వెల్సే!

ఆ రోజుల్లో బొమ్మ సైనికుల ఎత్తు రెండంగుళాల పైనే ఉండేది. తర్వాత అవి తగ్గుతూ వచ్చాయి. ఇప్పుడు ఎక్కువమంది ఆడేవి 28 మిల్లీమీటర్ల బొమ్మలు. వాటితోపాటు 15, 10, 6 మిల్లీమీటర్లవీ ఉన్నాయి. రెండు మిల్లీమీటర్లవి కూడా దొరుకుతాయి. అక్కడ ఇక మనిషి కనపడడు, మనుషుల గుంపే ఓ చిన్న ముక్కగా ఉంటుంది.

బొమ్మ పెద్దదైతే అందంగా ఉంటుంది కదా, మరి చిన్నవెందుకు? కారణం చోటు. 28 మిల్లీమీటర్ల బొమ్మలతో ఆరొందల మంది ఉన్న పటాలాన్ని చూపించాలంటే ఇరవై ముప్ఫై బొమ్మలతో సరిపెట్టుకోవాలి. చూడ్డానికి అది పటాలంలా కాదు, పెళ్లికొచ్చిన బ్యాండుమేళంలా ఉంటుంది. అదే జాగాలో ఆరు మిల్లీమీటర్లవైతే వందల్లో పడతాయి. బారులు తీరిన వరుసలు, వాటి వెనక ఫిరంగులు, పక్కన గుర్రపు దళాలు... నిజంగా ఓ సైన్యం నిలబడినట్టే ఉంటుంది. సేనాధిపతి గుట్టమీంచి చూస్తే యుద్ధభూమి ఎలా కనిపించేదో, కుర్చీలోంచి చూసే ఆటగాడికి బల్ల అలా కనిపిస్తుంది.

తుపాకీ వెంట్రుకంతే!

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆరు మిల్లీమీటర్ల బొమ్మ అంటే మనిషిని దాదాపు 300 రెట్లు తగ్గించినట్టు. నెపోలియన్ కాలపు మస్కెట్ తుపాకీ పొడవు సుమారు మీటరున్నర. 300 రెట్లు తగ్గిస్తే అయిదు మిల్లీమీటర్లు. బాగానే ఉంది. మరి దాని లావు? గొట్టం రెండున్నర సెంటీమీటర్లనుకున్నా, తగ్గించాక మిల్లీమీటరులో పన్నెండో వంతు. అంటే తల వెంట్రుకంత! అంత సన్నటి సందులోకి కరిగిన లోహం వెళ్లడం కష్టం. ఒకవేళ వెళ్లినా, బొమ్మను వేళ్లతో పట్టుకోగానే ఆ తుపాకీ వంగిపోతుంది.

అందుకే చిన్న బొమ్మలు చెక్కే శిల్పి ఉన్నది ఉన్నట్టు తగ్గించడు. తుపాకీని కొన్ని రెట్లు లావు చేస్తాడు. తల కాస్త పెద్దది చేస్తాడు. చేతులూ అంతే. కోటు అంచుల్నీ సంచీ పట్టీల్నీ లోతుగా గీస్తాడు. బొత్తాల వరుస, జేబు మడతలాంటివి చాలావరకు వదిలేస్తాడు. దగ్గరగా చూస్తే ఆ మనిషి కాస్త పొట్టిగా, తలా చేతులూ పెద్దవిగా అనిపిస్తాడు. నాలుగు అడుగులు వెనక్కి వేసి చూస్తే మాత్రం... అచ్చం సైనికుడే!

పెద్ద బొమ్మలకు అలవాటు పడినవారు పొరబడేదీ ఇక్కడే. తుపాకీ ఒంటికి అతుక్కుపోయి ఉందనీ, కాళ్ల మధ్య సందు లేదనీ పెదవి విరుస్తారు. కానీ రెండు భాగాల అచ్చులోంచి బొమ్మ చిరగకుండా ఊడి రావాలంటే అలాంటి సందులు పూడ్చాల్సిందే. ఒంటికి ఆనుకున్న తుపాకీ విరగదు కూడా. ఈ పరిమాణంలో అది లోపం కాదు, జాగ్రత్త.

దీనికి వ్యతిరేక ఉదాహరణలూ ఉన్నాయి. త్రీడీ ప్రింటర్లు ఇళ్లలోకి వచ్చాక పెద్ద బొమ్మ కోసం కంప్యూటర్లో చేసిన నమూనానే బాగా కుదించి ప్రింటు తీయడం తేలికైంది. తెరమీద అది అద్భుతంగా ఉంటుంది. చేతికొచ్చేసరికి ముఖంలో గీతలన్నీ కలిసిపోతాయి, తుపాకులు పుటుక్కున విరుగుతాయి. బొమ్మను చిన్నది చేయడం వేరు, చిన్న బొమ్మను చేయడం వేరు!

మూడడుగుల పరీక్ష

మరి మంచి బొమ్మని పోల్చుకునేదెలా? అనుభవజ్ఞులు చేసే మొదటి పరీక్ష చాలా తేలిక. బొమ్మల వరుసను బల్లమీద పెట్టి, మూడడుగుల దూరంలో నిలబడి చూడాలి. ఆటగాడు ఎప్పుడూ చూసే దూరం అదే. అప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వీడు ఏ సైన్యం వాడు? కాలిబంటా, గుర్రపు రౌతా, ఫిరంగి దళమా? ఏం చేస్తున్నాడు... నడుస్తున్నాడా, కాలుస్తున్నాడా, బాయినెట్‌తో దూకుతున్నాడా? మూడింటికీ తడుముకోకుండా జవాబు వస్తే శిల్పి గెలిచినట్టే.

ఆ జవాబు ముక్కూచెవుల్లో దొరకదు, ఆకారపు అంచుల్లో దొరుకుతుంది. ఫ్రెంచి కవచ రౌతును పట్టించేది శిరస్త్రాణం వెనక వేలాడే జూలు. స్కాట్లాండ్ సిపాయిని పట్టించేది మోకాళ్ల దాకా ఉండే కిల్టు. 1812లో వచ్చిన బ్రిటిష్ టోపీకి ముందు రేకు ఎత్తుగా లేచి ఉంటుంది. అంతకుముందుదేమో నిటారుగా పొగగొట్టంలా ఉండేది. స్పెయిన్ యుద్ధాల సైన్యమంటూ అమ్మే పెట్టెలో ముందు రేకు లేచిన టోపీలే కనిపిస్తే, తెలిసినవారు మరోసారి ఆలోచిస్తారు.

రంగులకూ ఇదే సూత్రం. గది వెలుతురులో చిన్న వస్తువు మీద ముదురు రంగు ఇంకా ముదురుగా, దాదాపు నల్లగా కనిపిస్తుంది. ఫ్రెంచి సైన్యపు ముదురు నీలాన్ని అదే ఛాయలో వేస్తే నల్ల చీమల బారులా ఉంటుంది. అందుకే ఒకటి రెండు ఛాయలు లేతగా వేస్తారు. కళ్లు, మీసాలు దిద్దే పని పెట్టుకోరు. ముఖం మీద ఓ చుక్క, చేతులకు ఓ చుక్క, తెల్లటి పట్టీ అడ్డంగా ఓ గీత. అంతే!

గోటితో గీసి చూడాల్సిందే

దూరం నుంచి నెగ్గిన బొమ్మను అప్పుడు చేతిలోకి తీసుకోవాలి. ఇక్కడ చూసేది శిల్పి పనితనం కాదు, పోతపోసినవారి పనితనం.

సంప్రదాయ పద్ధతిలో మొదటి బొమ్మను ఎపాక్సీ పుట్టీతో చెక్కుతారు. మనిళ్లలో కుళాయి లీకేజీలు ఆపడానికి వాడే ఎం-సీల్ లాంటిదే అదీనూ. రెండు ముద్దలు కలిపి పిసికితే గట్టిపడేలోగా కొంత వ్యవధి ఉంటుంది, ఆలోపు చెక్కేయాలి. అలా చేసిన బొమ్మలను రెండు రబ్బరు బిళ్లల మధ్య పెట్టి వేడిచేసి నొక్కితే అచ్చు తయారవుతుంది. ఆ అచ్చును గిరగిరా తిప్పుతూ మధ్య రంధ్రంలో తగరం కలిపిన లోహాన్ని కరిగించి పోస్తారు. ఆ వేగానికి లోహం మూలమూలలకూ పరుగెత్తుతుంది. నిమిషాల్లో డజన్లకొద్దీ సైనికులు రెడీ!

ఈ పనిలో తేడా వస్తే బొమ్మ వెంటనే చెప్పేస్తుంది. అచ్చు సగాల మధ్య సందులోంచి లోహం బయటికి కారితే బొమ్మ చుట్టూ పల్చటి రేకు ఏర్పడుతుంది. కొద్దిగా ఉంటే చాకుతో తీసేయొచ్చు. ముఖం మీదుగా వస్తే మాత్రం ముక్కు కూడా దాంతోపాటే పోతుంది. పక్కల్లో ఉండే అచ్చుగీత గోటికి తగలాలి కానీ కంటికి కొట్టొచ్చినట్టు కనిపించకూడదు. రెండు సగాలు సరిగ్గా కలవకపోతే ముందు మనిషీ వెనక మనిషీ వేర్వేరన్నట్టు తలకాయ రెండుగా చీలి కనిపిస్తుంది. ఇది సరిదిద్దలేని తప్పు. లోహం చివరిదాకా చేరకపోతే బాయినెట్లు మొండిగా ఆగిపోతాయి.

మరొకటుంది. రబ్బరు అచ్చు ఎల్లకాలం ఉండదు. వేడికి అరిగిపోతూ వస్తుంది. ఒకే కంపెనీ ఒకే బొమ్మ... కొత్త అచ్చులోంచి వస్తే చురుగ్గా, పాత అచ్చులోంచి వస్తే సబ్బుబిళ్లలా నున్నగా ఉంటుంది. అందుకే తెలివైన కొనుగోలుదారు ముందు ఒక్క ప్యాకెట్టే కొంటాడు. అందులో ఉత్తమమైన బొమ్మను కాదు, అన్నిటికన్నా అధ్వానంగా ఉన్నదాన్ని తీసి చూస్తాడు. సైన్యం స్థాయి తెలిసేది దాన్ని బట్టే.

ఎత్తు విషయంలోనూ మోసపోకూడదు. ప్యాకెట్ మీద 28 మిల్లీమీటర్లని ఉన్నా, కొందరు అరికాలి నుంచి కళ్ల దాకా కొలుస్తారు, కొందరు నడినెత్తి దాకా. దాంతో రెండు కంపెనీల బొమ్మల్ని పక్కపక్కన పెడితే తండ్రీకొడుకుల్లా ఉంటాయి. చిన్న పరిమాణాల్లో ఒక్క మిల్లీమీటరు తేడా అంటే మనిషిలో ఆరో వంతు!

ఇక, పాత బొమ్మలు కొనేవారికో జాగ్రత్త. వాటిలో సీసం ఎక్కువ. పసిపిల్లల చేతికి అందనివ్వకూడదు. ఆకురాయితో రుద్దినప్పుడు వచ్చే పొడి ఒంట్లోకి పోకుండా చూసుకోవాలి, తర్వాత చేతులు కడుక్కోవాలి. ఆ సీసానికీ ఓ శత్రువుంది... ఓక్ చెక్క! దాన్నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరికి సీసం మెల్లగా తెల్లటి పొడిగా మారిపోతుంది. అందంగా ఉంటుందని ఓక్ బీరువాలో దాచుకున్న సైన్యాలు ఏళ్ల తర్వాత తలుపు తీసేసరికి పొడిబారి కనిపించడం సేకర్తలకు తెలిసిన విషాదమే. బొమ్మ మీద తెల్లటి బూజులాంటిది కనపడితే బేరం ఆడకుండా పక్కన పెట్టేయడమే మేలు.

తెలుగువాడికి బూట్లు తొడిగితే?

పోత బాగుంది, రంగు బాగుంది, దూరం నుంచీ బాగుంది. అయినా చివరి పరీక్షలో తప్పే బొమ్మలుంటాయి. అది చరిత్ర పరీక్ష.

1803 సెప్టెంబరు 23న ఇప్పటి మహారాష్ట్రలోని అస్సాయి దగ్గర మరాఠా సేనలకూ ఈస్టిండియా కంపెనీ సేనలకూ జరిగిన యుద్ధం వార్‌గేమర్లు ఇష్టంగా ఆడేవాటిలో ఒకటి. కంపెనీ పక్షాన మద్రాసు సిపాయిల పటాలాలు పోరాడాయి. ఆ సిపాయిల సంప్రదాయానికి తెలుగునేలతో గట్టి బంధమే ఉంది. 18వ శతాబ్దంలో మద్రాసు వైపు నుంచి వెళ్లిన సిపాయిలను చూసే, ఉత్తరాదిన ఇంగ్లిషు పద్ధతిలో దుస్తులు తొడిగిన సిపాయిలందరికీ ‘తిలంగా’లన్న పేరు పడింది. 1857 తిరుగుబాటు నాటికీ ఢిల్లీలో ఆ మాట వాడుకలో ఉంది.

ఆ మద్రాసు సిపాయి పైన చూస్తే ఎర్ర కోటుతో తెల్లదొరల సైనికుడిలాగే ఉండేవాడు. కింద మాత్రం తొడల దాకా తెల్లటి పొట్టి లాగు, ఒట్టి కాళ్లు, చెప్పులు. తలపై తలపాగా. ఆరు మిల్లీమీటర్ల బొమ్మలో ఇదంతా ఎలా చూపిస్తారు? మూడు చారలతో. పైన ఎరుపు, మధ్యలో కాస్త తెలుపు, కింద గోధుమరంగు. ఆ మూడు చారలుంటే చాలు, బల్లకు అవతలి వైపు నుంచి కూడా ‘మన సిపాయి’ అని తెలిసిపోతుంది. అలా కాకుండా ఇంగ్లండు సైనికుడి బొమ్మకే ముఖం గోధుమరంగు పూసి, ప్యాంటూ బూట్లూ అలాగే ఉంచేసి సిపాయి అంటే... పనితనం ఎంత గొప్పగా ఉన్నా ఆ బొమ్మ అబద్ధమే చెబుతుంది. బట్టకట్టులోనే కదా ఆ సిపాయి ఊరూ పేరూ ఉన్నది!

మాయమైన ప్రష్యన్లు

అస్సాయిలో కంపెనీ సేనకు నాయకుడు ఆర్థర్ వెల్లస్లీ. పన్నెండేళ్ల తర్వాత వెల్లింగ్టన్ డ్యూక్ హోదాలో వాటర్లూ దగ్గర నెపోలియన్‌ను ఓడించింది ఆయనే. బుల్లి సైనికుల చరిత్రలో అత్యంత ప్రసిద్ధమైన వివాదంలోనూ ఆయన పేరే వినిపిస్తుంది.

1830లో విలియం సిబోర్న్ అనే బ్రిటిష్ సైనికాధికారికి వాటర్లూ యుద్ధభూమి నమూనా తయారుచేసే పని అప్పగించారు. ఆయన అల్లాటప్పాగా చేయలేదు. యుద్ధం జరిగిన చోటే లా హే సాంత్ అనే రైతింట్లో ఎనిమిది నెలలు మకాం వేసి పొలాలూ గట్లూ కొలిచాడు. యుద్ధంలో పాల్గొని బతికున్న అధికారులకు ఉత్తరాలు రాశాడు. 1815 జూన్ 18 సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో మీ పటాలం ఎక్కడుంది, ఎదురుగా ఎవరున్నారు, పొలంలో ఏ పైరుంది... ఇలా గుచ్చిగుచ్చి అడిగాడు. మధ్యలో ప్రభుత్వం నిధులు ఆపేసినా అప్పులు చేసి పని సాగించాడు. సెంటీమీటరు ఎత్తుండే సైనికులను 70 వేలకు పైగా నిలబెట్టాడు.

చిక్కల్లా ప్రష్యన్ల దగ్గర వచ్చింది. ఆ సాయంత్రం వెల్లింగ్టన్‌కు సాయంగా వచ్చిన ప్రష్యా సైన్యం ఎంత, ఎక్కడిదాకా వచ్చింది? సిబోర్న్ తనకు అందిన సాక్ష్యాలను బట్టి వాళ్లను పెద్దసంఖ్యలో నిలబెట్టాడు. అది చూసినవాళ్లకి గెలుపు ప్రష్యన్లదే అనిపిస్తుందని వెల్లింగ్టన్ వర్గానికి రుచించలేదు. 1838లో లండన్‌లోని ఈజిప్షియన్ హాల్లో ప్రదర్శన పెడితే జనం విరగబడ్డారు. సిబోర్న్ అప్పులు మాత్రం తీరలేదు. చివరికి ఒత్తిళ్లకు తలొగ్గి వేలాది ప్రష్యన్ బొమ్మలను నమూనాలోంచి తీసేశాడు. 1849లో ఆయన చనిపోయాడు.

ఆలోచిస్తే... సెంటీమీటరు బొమ్మల వల్ల ఒక మహా సేనాని వర్గానికే ఇబ్బంది కలిగింది! ఆ బొమ్మల ముక్కూముఖం చూసి కాదు, వాటి బొత్తాలు లెక్కపెట్టీ కాదు. అవి ఎక్కడ నిలబడ్డాయో, ఎంతమంది నిలబడ్డారో చూసి. దూరం నుంచి చూసినా చెప్పాల్సిన నిజాన్ని అవి చెప్పాయి కాబట్టి.

సిబోర్న్ నమూనా ఇప్పటికీ లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది. ఆయనకు వచ్చిన ఉత్తరాలు చరిత్రకారులకు నేటికీ ఆధారమే. వాటర్లూను మళ్లీ ఆడటమూ ఆగలేదు. 2019 జూన్‌లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో 20 వేలకు పైగా బుల్లి సైనికులతో రెండు రోజులపాటు ఆ యుద్ధాన్ని ఆడారు. మాజీ సైనికులను పురావస్తు నిపుణులతో కలిపి వాటర్లూ తవ్వకాల్లో భాగస్వాములను చేసే ఓ స్వచ్ఛంద సంస్థకు నిధుల కోసం జరిగిన ఆట అది.

మ్యూజియంలో సిబోర్న్ బల్ల ముందు నిలబడేవారికి ఏ ఒక్క సైనికుడి ముఖమూ కనిపించదు. అయినా సైన్యాలు కనిపిస్తాయి, పొగ కనిపిస్తుంది, తెగబడి వస్తున్న నెపోలియన్ గార్డు దళాలు కనిపిస్తాయి. కథ తెలిసినవారి చూపు మాత్రం వాటన్నిటినీ దాటుకుని ఓ పక్కకి వెళ్తుంది... ప్రష్యన్లు ఉండాల్సిన ఆ ఖాళీల వైపు.